ఆ పాపకు ‘బిఫోర్’ అని పేరొచ్చింది మా వల్లే

2023 నవంబరు. పుంగనూరు బస్టాండు దగ్గర సందులో మా ఫోటో స్టూడియో. నాన్న పెట్టిన షాపు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కెమెరా నేను పట్టుకున్నాను, ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఊళ్ళో అందరికీ నేను స్టూడియో సరోజక్కని. చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లలకు చేసే ఓణీల ఫంక్షన్లకు చాలామంది నన్నే పిలుస్తారు. నా పనితనం చూసి పిలుస్తారని గొప్పలు పోను. ఆడమనిషినని పిలుస్తారు. పాపకు ఓణీ కుచ్చిళ్ళు సర్దాలన్నా, గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పాలన్నా, నేనైతే వాళ్ళమ్మకు బెరుకుండదు.

మా పనిలో ఒక సంగతి ముందు చెప్పాలి. రహస్యమేమీ కాదు, అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు అంతే. కెమెరాలో పడింది పడినట్టు ఉండే ఫోటోను మేము ‘రా’ అంటాం. రా ఫోటో కస్టమర్ కంటికి ఎప్పుడూ కనబడదు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, మొటిమలు తీసేసి, చర్మం నున్నగా చేసి, ఆ తర్వాత రంగు పెంచుతాం. స్క్రీన్ మీద ఒక గీత ఉంటుంది, దాని మీద చుక్కను కుడివైపు జరిపితే ముఖం తెల్లబడుతుంది. స్లైడర్ అంటారు దాన్ని. ఎంత జరపాలో ఎవరినీ అడగం. ఎండల్లో గొర్రెల వెంట తిరిగిన పిల్లైనా, టమోటా తోటలో కాయలు కోసిన పిల్లైనా, ఆల్బమ్‌లోకి వచ్చేసరికి అందరిదీ ఒకటే రంగు. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు “మా బిడ్డను యాల తెల్లగా చేసినావు” అని అడిగిన పాపాన పోలేదు. “అబ్బ, ఎంత బాగా వచ్చిందో!” అనుకుంటూ పోయేవాళ్ళే. నేనూ మురిసిపోయేదాన్ని.

ఆల్బమ్ పని నేను చేయను, అంత తీరిక ఉండదు. కుప్పంలో మునిరాజు అని ఎడిటర్ ఉన్నాడు, ముప్పై ఏళ్ళవాడు, భార్యా ఒక చిన్న కూతురూ. నేను తీసిందంతా హార్డ్ డిస్కులో వేసి పంపిస్తే ఆల్బమూ వీడియో తయారు చేసి పంపుతాడు. చురుకైనవాడు. నాకు తమ్ముడి లెక్కే.

ఆ నవంబరులో ఒక మధ్యాహ్నం పెద్దపంజాణి అవతలి పల్లె నుంచి మునెమ్మ వచ్చింది. ఆమె కూతురు పావని ఓణీల ఫంక్షన్ మేలో నేనే తీశాను. పావని అసలు పేరు కాదు, మార్చి రాస్తున్నాను. ఇంట్లో ఏదో అడ్డం పడి ఆ ఫంక్షన్ రెండేళ్ళు ఆలస్యంగా చేశారు, అప్పటికి పాపకు పదిహేనేళ్ళు. గొర్రెలు మేపుకునే కుటుంబం, కాస్త మెట్టభూమి, అందులో టమోటా. మునెమ్మ సంచిలోంచి ఆ ఆల్బమే బయటికి తీసి నా ముందు పెట్టింది.

“అక్కా, దీంట్లోంచి పాసుపోర్టు ఫోటో తీసియ్యక్కా. పదో తరగతి పరీచ్చకు కావాలంట. వారంలో పంపించేస్తారంట.”

“ఆల్బమ్‌లోంచి యాలమ్మా? పాపను పిల్చుకోని రా. రెండు నిమిషాల పని.”

“రాదక్కా.”

“యాల రాదు? పరీచ్చ రాయదా ఏం?”

నేను కొంచెం విసురుగానే అన్నాను. కడుపులో తిండి లేదు, ఎదురుగా ఆధార్ ఫోటోల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. మునెమ్మ ఆ నలుగురినీ చూసి గొంతు తగ్గించింది. ఆమె చెప్పలేక చెబుతోందని అప్పుడర్థమైంది నాకు. వాళ్ళను టీ తాగి రమ్మని పంపించి, స్టూలు వేశాను.

“ఇస్కూలుకు పోక నెలయ్యిందక్కా. ముకానికి చున్నీ సుట్టుకోని మూలలోనే కూర్చోని ఉంటాది. కూడు పెడితే రెండు ముద్దలు తింటాది, అంతే. ఎవురితోనో యాదో పూత తెప్పించుకోని రోజూ పూసింది. ముకమంతా ఎర్రగా కమిలిపొయ్యింది. ఆ సెల్లు మాత్రం ఇడవదు. సూస్తాది, ఏడుస్తాది, మళ్ళా సూస్తాది. మొన్న యాలనో ‘నేను లేకపోతే మీకు పీడ ఇరగడవుతాది’ అనింది. నాకు బయమేసి, టమోటాకు కొట్టే మందు డబ్బా తీసకపోయి మా వదినోళ్ళింట్లో పెట్టొచ్చినా.”

“అంత పాటి ఏమైందమ్మా?”

“నాకేం తెలుసక్కా, సదువురాని దాన్ని. ఇస్కూల్లో పిల్లోళ్ళంతా దాన్ని ‘బిఫోరు, బిఫోరు’ అని పిలస్తాండారంట. అదేం తిట్టో నాకు తెల్దు. నీకు తెలుసా?”

నాకు తెలుసు. పుంగనూరు మొత్తంలో ఆ మాటకు అర్థం అందరికన్నా బాగా తెలిసినదాన్ని నేనే.

“తెల్దమ్మా” అన్నాను.

ఇన్నేళ్ళ పనిలో నేను ఆడిన అబద్ధాల్లో ఇంత సిగ్గుమాలింది ఇంకొకటి లేదు. ఎల్లుండి రమ్మని చెప్పి, ఆల్బమ్ నా దగ్గరే ఉంచుకుని ఆమెను పంపేశాను.

సంగతి ఏమిటంటే, ఎడిటర్లకు ఒక అలవాటుంది. తమ పనితనం చూపించుకోవడానికి ఇన్‌స్టాలో రీళ్ళు పెడతారు. మొదటి సగం రా, రెండో సగం ఎడిట్ చేసింది. మొదటిదాని మీద ‘బిఫోర్’ అని, రెండోదాని మీద ‘ఆఫ్టర్’ అని రాస్తారు. జూన్‌లో మునిరాజు ఫోన్ చేసి, “అక్కా, ఆ పెద్దపంజాణి పాప క్లిప్పు శాంపిల్‌గా ఏసుకుంటా, మన స్టూడియో పేరు కూడా పెడతా” అన్నాడు. నేను ఏదో పెళ్ళి మండపంలో లైట్లతో కుస్తీ పడుతున్నాను. “ఏసుకోప్పా” అన్నాను. పాప ఎవరు, ఏ క్లిప్పు, ఒక్క ముక్క అడగలేదు. వేశాక చూశాను. ఎండలో కళ్ళు చికిలించిన నల్లటి ముఖం, దాని మీద నవ్వు పుట్టించే డప్పు శబ్దం. టక్కుమని మారి పాలరంగు ముఖం, వెనకాల వీణ. నేనూ నవ్వాను. లైక్ కొట్టాను. మా స్టూడియో పేజీలో కూడా పెట్టాను. లక్షల మంది చూశారు. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చాయి, నిమ్మనపల్లె నుంచి ఒకేసారి రెండు ఫంక్షన్లు కుదిరాయి.

మునెమ్మ అటు పోగానే షట్టరు సగం దించి, ఫోన్ తీసి ఆ రీలు కింద కామెంట్లు చదవడం మొదలుపెట్టాను. అంతకు ముందు ఎప్పుడూ చదవలేదు, లెక్క మాత్రమే చూసుకునేదాన్ని. ఏం చెప్పమంటారు! నోటితో పలకలేని మాటలు. మధ్యలో పావని స్కూలు పిల్లలు, “ఈ పాప మా క్లాసే, ఒరిజినల్ ఇంకా ఘోరం” అని. ఎవరో పేరు కూడా రాసేశారు. అక్కడ నుంచి ఇక నాకు కుదురు లేదు. లేస్తాను, కూర్చుంటాను, ఫోన్ కింద పెడతాను, మళ్ళీ తీస్తాను.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆగస్టులో ఒక ఐడీ నుంచి మా పేజీకి వరసగా మెసేజీలు వచ్చేవి. ముఖం లేదు, గొర్రెపిల్ల బొమ్మ పెట్టుకున్న ఐడీ. ‘ఆ వీడియో తీసేయండి ప్లీజ్’ అని. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో కొత్తగా ఇంకో స్టూడియో వచ్చింది, వాళ్ళే ఓర్వలేక చేయిస్తున్నారనుకున్నాను. ‘ఎవరు మీరు? ఎవరు పంపారు?’ అని కొట్టి, ఆ తర్వాత వచ్చినవి చూడకుండానే బ్లాక్ చేసి పారేశాను. ఇప్పుడు ఆ మెసేజీల పెట్టె తెరిచి చివరిదాకా చదివాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

‘అక్కా ఆ రోజు నా జడ మీరే సరిచేసినారు కదా. నేనే. ప్లీజ్ అక్కా.’

అది ఆఖరు మెసేజీ. అది పంపిన నిమిషానికి నేను తలుపు మూసేశాను.

మునిరాజుకు ఫోన్ చేస్తే “సూద్దాంలే అక్కా” అని నసిగాడు. మా పేజీలోది నేను తీసేశాను గానీ అసలుది అతని పేజీలో ఉంది, అది అతను తీస్తే తప్ప పోదు. పొద్దున్నే కుప్పం బయల్దేరాను. పలమనేరు దాకా ఒక బస్సు, అక్కడ నుంచి ఇంకో బస్సు. దారి పొడవునా ఆ రీలు తెరిచి చూస్తూనే ఉన్నాను. ప్రతిసారీ చూసినవాళ్ళ లెక్క కొంచెం పెరిగి కనిపించేది. నేను చూడటం వల్ల కూడా పెరుగుతోందని వి.కోట దాటాక గాని బుర్రకు తట్టలేదు. ఛీ అనిపించి ఫోన్ సంచిలో పడేశాను.

మునిరాజు ఇంటి ముందుగదే అతని ఆఫీసు. నన్ను చూసి కుర్చీ ఇచ్చాడు, భార్య కాఫీ తెచ్చింది. నేను కాఫీ ముట్టలేదు.

“ఆ రీలు తీసెయ్ మునిరాజూ.”

“అక్కా, దాన్ని సూసే నాకు పని వస్తాండాది. పాప పేరు పెట్టలేదు, ఊరు పెట్టలేదు. ఎవురికి తెలుస్తాది?”

“వాళ్ళ ఇస్కూల్లో పిల్లోళ్ళకు తెలియదా? రోజూ ముకం సూసేవాళ్ళకు?”

మౌసు అటూ ఇటూ జరిపాడు. తర్వాత నెమ్మదిగానే అన్నాడు, “కోపం చేసుకోవద్దు, ఒక మాట అడుగుతా. తెలుపు చెయ్యమని నాకు చెప్పేదెవురు? ప్రతి డిస్కు మీద చీటీ అంటించి పంపిస్తాండావే, ‘ముఖాలు బాగా తెల్లగా’ అని. నువ్వు చెప్పింది నేను చేసినా. చేసింది చూపించుకున్యా. తప్పు నా ఒక్కనిదే అంటే ఎట్లక్కా?”

టేబుల్ మీద నేను పంపిన డిస్కే ఉంది. చీటీ మీద నా రాతే. గట్టిగా నాలుగు తిట్టాలని వచ్చినదాన్ని, ఆ చీటీ పీకి గుప్పిట్లో నలిపేశాను.

“తప్పు నాది కూడా అప్పా” అన్నాను చివరికి. “దాన్ని తర్వాత పంచుకుందాం. ఆ పాప తల్లి ఇంట్లోంచి పురుగుల మందు డబ్బా తీసకపోయి దాచిపెట్టింది. అర్థమైందా నీకు?”

మునిరాజు భార్య కూతుర్ని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి వింటోంది. “తీసెయ్‌మంటాంటే వినపళ్ళేదా?” అని మొగుణ్ణి కసిరింది. అతను మారు మాట లేకుండా తీసేశాడు. నేను హమ్మయ్య అనుకునేలోపే ఇంకేదో వెతికి, స్క్రీన్ నా వైపు తిప్పాడు.

“అక్కా, ఇది ఇంకొకరు ఎత్తుకోని ఏసినారు.”

ఏదో జోకుల పేజీ. అదే రీలు, పైన ‘ఏ సబ్బు వాడారో చెప్పండి’ అని రాశారు. ఇంకొంచెం వెతికితే ఇంకొకటి. ఇద్దరం కూర్చుని ఒక్కోదానికీ రిపోర్ట్ కొట్టాం. అంటే ఇది తప్పు వీడియో, తీసేయండి అని కంపెనీకి చెప్పుకోవడం. ఒకటి పోయింది, రెండు కనబడ్డాయి. మేము వేసింది రెండు పేజీల్లోనే. అయినా మా చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయింది.

మర్నాడు మునెమ్మ వచ్చేదాకా ఆగలేకపోయాను. షాపు మూసేసి ఆటోలో నేనే వాళ్ళ ఊరికి వెళ్ళాను. పావని తండ్రి వెంకటప్ప దొడ్డి దగ్గర గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. ఫోటో తెచ్చాననుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆ నవ్వు చూశాక చెప్పడం ఇంకా కష్టమైంది. నిలబడే చెప్పేశాను, ఏదీ దాచకుండా. మునెమ్మ అడిగినప్పుడు తెలియదని అబద్ధమాడింది కూడా చెప్పాను.

వెంకటప్ప కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. చేతిలో బక్కెట్టు కింద పెట్టి, “ఆడమనిసివని కదమ్మా నిన్ను పిలిస్తిమి. మొగోళ్ళైతే బిడ్డ ఫోటోలు యాడన్నా పెడతారని” అన్నాడు. అంతే, దొడ్డిలోకి వెళ్ళిపోయాడు. మునెమ్మ మాత్రం నన్ను ఇంట్లోకి రమ్మంది. ఆ తల్లికి కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు.

పావని లోపలి గదిలో, తలుపు చెక్క వెనకాల. నేను గడప బయటే కూర్చున్నాను. నేను చేసిందంతా తలుపుతోనే చెప్పాను. బ్లాక్ చేసిన సంగతి కూడా చెప్పాను. లోపల నుంచి సన్నగా మాట వచ్చింది.

“నేను తెల్లగా చెయ్యమని అడిగినానా అక్కా?”

“లేదమ్మా.”

“అమ్మ అడిగిందా?”

“లేదు.”

“మరి యాల చేసినారు?”

“అందరికీ చేస్తామమ్మా. ఎవరు వచ్చినా అంతే.”

“అంటే ఎవురూ బాగలేరా?”

 

“ఆ ఆల్బమ్ వచ్చేదాకా నేను బాగుండాననే అనుకుంటా ఉన్న్యా” అంది పావని. “దాన్ని సూసినాకే తెలిసింది, నేను ఎట్లుండల్లనో. మళ్ళ ఆ వీడియో సూసినాక అందురికీ తెలిసింది, నేను ఎట్లుండానో.”

ఏడ్చాను. పెద్దదాన్ని, నలభై ఆరేళ్ళదాన్ని, పరాయి ఇంటి గడప మీద కూర్చుని బావురుమన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. తలుపు వారగా తీసి, నేను ఏడవడం చూస్తూ కూర్చుంది. చున్నీలోంచి కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, చుట్టూ చర్మం ఎర్రగా పొట్టు లేచి ఉంది.

మదనపల్లె ఆసుపత్రికి పోదామని నేనే అన్నాను. వెంకటప్ప ఒప్పుకోలేదు. “పిచ్చి డాక్టరు కాడికి పోయిందని ఊరంతా అంటారు. రేప్పొద్దున దానికి పెండ్లి కావల్ల.” వాదించి లాభం లేదనిపించింది. “ముకానికి చూపించేదానికి పోతాండామని చెప్పు. అదీ నిజమే కదా” అన్నాను. రెండో రోజు పొద్దున బస్సు దగ్గరికి తల్లీకూతుళ్ళను ఆయనే బండి మీద దించిపోయాడు.

మనసుకు సంబంధించిన డాక్టరు ఒక మధ్యవయసు ఆవిడ. పావనితో ఒక్కదానితోనే చాలాసేపు మాట్లాడింది. మేము బయట బెంచీ మీద. మునెమ్మ కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉంది, నేను ఆ వరండా ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాను. నర్సు రెండుసార్లు కూర్చోమంది.

డాక్టరమ్మ తర్వాత మమ్మల్ని పిలిచి విడమరచి చెప్పింది. ఇది పొగరూ కాదు, బద్ధకమూ కాదు, దయ్యమూ కాదు. డిప్రెషన్, అంటే మనసు కుంగిపోయే జబ్బు. నయమవుతుంది, కాకపోతే వారంలో కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని ఆవిడ పాపను తిన్నగానే అడిగిందట, పాప అవునందట. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందేమోనని పెద్దవాళ్ళు భయపడతారు గానీ, అడగడమే మంచిదని చెప్పింది. పాపను కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దంది. మందు డబ్బా తీసేసినందుకు మునెమ్మను మెచ్చుకుంది. ముఖానికి పూసిన క్రీములో స్టెరాయిడ్ ఉందని, అందుకే చర్మం అలా అయిందని, పక్క గదిలో చర్మం డాక్టరుకు చీటీ రాసింది.

“ఆ సెల్లు పగలగొట్టేస్తామమ్మా” అంది మునెమ్మ.

“వద్దు. లాక్కుంటే పక్కింటి ఫోన్‌లో చూస్తుంది. దాని మనసంతా ఒకే పని మీద ఉంది. ఆ వీడియో ఇంకా ఉందా, కొత్తగా ఎవరేమన్నారు అని రోజంతా వెతకడం. ఆ పని దాని నెత్తి మీద నుంచి దించాలి.” అంతవరకు చెప్పి ఆవిడ నా వైపు తిరిగింది. “మీరే కదా స్టూడియో ఆవిడ? ఆ పని మీరు తీసుకుంటారా?”

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత పావనిని పక్కన కూర్చోబెట్టుకుని ఒప్పందం లాగా చేయించింది. పావని తన ఫోన్‌లోంచి ఇన్‌స్టా తీసేయాలి. రోజూ పొద్దున నేను వెతకాలి. కనబడితే రిపోర్ట్ కొట్టాలి. ఎన్ని, ఎక్కడ, ఏం రాశారు అనేది పాపకు చెప్పకూడదు. ‘వెతికాను’ అని ఒక్క మాట పంపాలి. పావని నా ముఖంలోకి చూసి, “రోజూ చేస్తారా అక్కా? నిజంగా?” అని అడిగింది. ఒకసారి బ్లాక్ చేసిన మనిషిని కదా, నమ్మకం ఎలా వస్తుంది?

“ఒక్క పొద్దు తప్పినా మా షాపుకొచ్చి అందరి ముందర అడుగు” అన్నాను.

అప్పట్నుంచి పళ్ళు తోముకోకముందే ఫోన్ తీయడం నా పని. రోజుకు ఎన్ని పేజీలు తిరిగేదాన్నో. ఆ కామెంట్లన్నీ చదివేసరికి తిన్నది ఒంటికి పట్టేది కాదు. కస్టమర్‌ను కూర్చోబెట్టి, ఫోకస్ చేస్తూ చేస్తూ ఆగిపోయి ఫోన్ చూసుకునేదాన్ని. ఎవరైనా నా షాపు ముందు నిలబడి నవ్వితే నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది. అప్పుడు గాని తెలియలేదు, పదిహేనేళ్ళ పిల్ల ఒక్కతే ఇన్ని నెలలు ఏం మోసిందో. అది నా ముఖం కూడా కాదు. అయినా నేను నెలకే నీరుగారిపోయాను. దానికెలా ఉండి ఉంటుంది?

స్కూల్లో క్లాసు టీచరమ్మను కలిసి సంగతి చెప్పాం. ఆమె అప్లికేషన్‌కు ఇంకొన్ని రోజులు గడువు సంపాదించింది. క్లాసులో ఆ పేరుతో ఎవరు పిలిచినా ఊరుకోనని పిల్లలకు గట్టిగా చెప్పిందట. మానేశారా అంటే అందరూ మానలేదు. కొందరు మానారు. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం ఇంటికొచ్చి పాఠాలు రాసిచ్చి పోయేవాళ్ళు.

ఫోటోకు గడువు ఇక రెండు రోజులుందనగా పావని షాపుకు వచ్చింది. తల్లి బయట నిలబడింది. చున్నీ తీయడానికే పది నిమిషాలు పట్టింది, నేను తొందర పెట్టలేదు. ఎర్రదనం తగ్గింది గానీ బుగ్గల మీద మచ్చలు అలాగే ఉన్నాయి. నాలుగు ఫోటోలు తీశాను. పావని నా కుర్చీ వెనక్కి వచ్చి స్క్రీన్ చూస్తూ నిలబడింది. తల కత్తిరించి, వెనకాల తెలుపు పెట్టి, సైజు సరిచేశాను. నోటితో ఏదో మాట్లాడుతూనే ఉన్నాను. చేయి దాని పని అది చేసుకుపోతోంది. ఇరవై ఏళ్ళ అలవాటు.

“అక్కా” అంది పావని వెనక నుంచి.

“ఏమ్మా?”

“నేను ఈడనే ఉండాను. నన్ను సూసి చెయ్యి.”

స్క్రీన్ వైపు చూసుకున్నాను. స్లైడర్ చుక్క సగానికి పైగా కుడివైపు జరిగిపోయి ఉంది. మచ్చలు లేవు. రంగు మారిపోయింది. నేనే చేశాను. ఇంత జరిగాక, ఇంత ఏడ్చాక, ఆ పిల్ల నా భుజం వెనకాల ఉండగానే చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. చుక్కను వెనక్కి తెచ్చి, కుర్చీ తిప్పి ఆ పిల్ల ముఖం చూశాను. మళ్ళీ స్క్రీన్ చూశాను. రెండూ ఒకటే అయ్యేదాకా పావని కదల్లేదు. ప్రింటు తీసిస్తే చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. బాగుందని అనలేదు, బాగలేదని కూడా అనలేదు. “ఇది నేనే” అని కవర్లో పెట్టుకుంది.

ఆ ఏడాది పరీక్షలు రాసింది. ఒక సబ్జెక్టు తప్పి, మళ్ళీ రాసి పాసైంది. మందులు ఏడాది పైన వాడింది. మధ్యలో రెండుసార్లు మళ్ళీ కుంగిపోయింది, మళ్ళీ మదనపల్లె పరిగెత్తాం. ఇప్పుడు అక్కడే ఇంటర్ చదువుతోంది. పోయిన నెల బస్టాండులో కనబడితే ముఖానికి చున్నీ లేదు. తనే నా దగ్గరికి వచ్చి, “ఇంక వెతకొద్దక్కా. ఉంటే ఉండనీ. నేను సూడను” అంది. సరేనన్నాను.

ఆ రోజు నుంచి ‘వెతికాను’ అని పంపడం మానేశాను. ఇప్పుడు ఫంక్షన్ బుకింగ్ రాసుకునేటప్పుడు పెద్దవాళ్ళనే కాదు, పిల్లను కూడా ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతాను. ఉన్న రంగు ఉంచమంటావా, పెంచమంటావా, నీ వీడియో ఎక్కడైనా పెట్టొచ్చా అని. “దాన్ని అడిగేదేందక్కా, నువ్వు ఏస్కో” అని తండ్రులు నవ్వుతారు. పిల్లల్లో ఎక్కువమంది పెంచమనే అంటారు. పెంచుతాను, ఏం చేయను? ఎప్పుడో ఒకరు ‘వద్దు’ అంటే ఆ రోజంతా నాకు పని మీద ప్రాణం లేచొస్తుంది. ఈ సంగతి నాకు నేర్పింది ఒక్కటే. ఎదుటివాళ్ళ ముఖం సరిచేయడానికి అది నా సొత్తు కాదు. ఏం చేయాలో ఫోటో తీసేముందు అడిగి తెలుసుకోవాలి గానీ, తీసి ఊరంతా పంచాక కాదు.

ఈ రోజు పొద్దున కూడా వెతికాను. కర్ణాటక వైపు పేజీ ఏదో మళ్ళీ వేసింది, కొత్త పాట పెట్టి. రిపోర్ట్ కొట్టాను. పావనికి చెప్పలేదు.